బడేసాబ్ మిషను

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దోవలో పత్తి నుంచి గింజలు తీసే జిన్నింగ్ మిల్లు ఒకటి ఉంది. ఆడ కంప్యూటర్లు చూసుకునేది నేనే. పేరు అల్మాస్. మేము దూదేకులోళ్ళం, ఇంట్లో కూడా తెలుగే మాట్లాడతాం. మా తాత పత్తి ఏకినాడు. మా నాయన బడే సాబ్ ఆ పత్తి మిల్లుకే గేటు కాస్తాడు. నేను అదే మిల్లులో ఏసీ రూములో కూర్చుంటాను. మా అమ్మ లేదు. ఇంట్లో ఉండేది నాయనా నేనూ, ఇద్దరమే.

ఏసీ రూము అంటే ఏమో అనుకునేరు. కిటికీ లేని కొట్టు. అందులో ఒక పెద్ద కంప్యూటరు. దాని లోపలే మూడు కంప్యూటర్లు ఉన్నట్టు నడుపుతాం. చేత్తో తాకేదానికి ఉండవు, తెర మీదే ఉంటాయి. వర్చువల్ మిషన్లు అంటారు. ఒకటి లారీలు తూకమేసే కాటాది, ఒకటి పత్తిలో తేమ చూసే గదిది, ఒకటి వచ్చిపోయే బండ్లు రాసుకునే గేటుది. వాటికి నంబర్లు పెట్టి గుర్తుపెట్టుకునే ఓపిక నాకు లేదు. ఆడాడ కూర్చునేవాళ్ళ పేర్లే పెట్టేసినాను. గిడ్డయ్య, సునీత, బడేసాబ్. ఆ రోజు నా చేతులు పడిపోయినా బాగుండేది.

ఉగాదికి పది రోజుల ముందర, ఆ మూడింటినీ మోసే అసలు సాఫ్ట్‌వేరుకు కొత్త వెర్షన్ వచ్చింది. ఎక్కించినాను. మరుసటి దినం మధ్యాహ్నం గిడ్డయ్య మిషను పడిపోయింది. రెండు నిమిషాలకు దానంతటదే లేసింది. అప్పుడే కాటా దగ్గర అరుపులు. గిడ్డయ్యన్న కింద పడినాడంట. ఎండ అనుకున్నాం. మజ్జిగ తాపినాం.

రెండు రోజులకు సునీత మిషను. ఐదు నిమిషాలు. గుప్పిట్లో పత్తి గుప్పిట్లోనే ఉండగా సునీత కుర్చీలో వాలిపోయింది. లేసినాక "ఒక్కపొద్దులు ఉండొద్దంటే వింటావా" అని నేనే తిట్టినాను. అప్పటికి కూడా నా బుర్రకు తట్టలేదు.

మళ్ళా గిడ్డయ్య మిషను. ఈసారి పదకొండు నిమిషాలు. ఆ టయానికి నేను కాటా గదిలో ఆయన పక్కనే ఉన్నాను. మాట్లాడుతా మాట్లాడుతానే పడిపోయినాడు. ముక్కు దగ్గర చెయ్యి పెట్టినాను. ఊపిరి లేదు. రొమ్ము మీద చెవి ఆనించినాను. ఏమీ లేదు. ఆటో కోసం ఎవరో పరిగెత్తినారు. నేను ఏడుస్తాండాను. అప్పుడు నా ఫోను టింగుమన్నది. మిషను మళ్ళా లేసిందని మెసేజి. చదివే లోపల గిడ్డయ్యన్న కండ్లు తెరిచినాడు.

"ఏమైందన్నా?"

"ఏమోమ్మా..." అన్నాడు. గొంతు చాలా చిన్నగా ఉంది. "యాడికో పోయినాను. ఆడ శానా ఇరుకుగా ఉండాది."

రెండు, ఐదు, పదకొండు. మిషను ఎంతసేపు పడిపోతే మనిషీ అంతసేపే. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

ఉగాది నాటి పొద్దున బడేసాబ్ మిషను పక్కన పసుపు గుర్తు పడింది. పసుపు గుర్తు పడిందంటే ఒకటి రెండు రోజుల్లో ఆ మిషను పడిపోయినట్టే. మిగతా రెండూ అట్లే పడినాయి. ఈసారి ఎన్ని నిమిషాలో... అసలు లేస్తుందో లేదో.

పేరు మార్చేస్తే పీడ పోతుంది కదా అనుకున్నాను. చివరి అక్షరం చెరిపినాను. ఇంకోటి చెరిపినాను. ఇంకోటి. ఫోను మోగింది. గేటు నుంచి నాయన.

"అల్మాసూ... నన్ను ఏమని పిలుస్తారమ్మా? నోటికి రావడంలే."

యా అల్లా. ఆ అక్షరాలన్నీ గబగబా మళ్ళా కొట్టినాను. అవతల నాయన "ఆఁ... ఆఁ, బడే సాబ్" అని పెట్టేసినాడు.

సాఫ్ట్‌వేరు కంపెనీ వాళ్ళకు ఫోన్ చేస్తే ఒక అబ్బాయి తాపీగా చెప్పినాడు. "కొత్త వెర్షన్‌తో ఈ కంప్లయింటు చాలా మందికి ఉంది మేడమ్. పాత వెర్షన్‌కు వెనక్కి పోండి, సరిపోతుంది. కాకపోతే ముందు మిషన్లన్నీ ఆపేయాలి."

"అన్నీనా?"

"అన్నీ. పది నిమిషాల పని. మనం పద్ధతిగా ఆపితే ఏం కాదు. వాటంతటవి పడిపోతేనే డేంజరు."

వాడికేం, చెప్తాడు. ఆపేది వాడి నాయనను కాదు కదా.

ఉగాది మరుసటి దినం మిల్లుకు సెలవు. జాతరలో పిడకలతో కొట్టుకునేది చూడాలని మిల్లోళ్ళంతా కైరుప్పల ఊరికి పోయినారు. గిడ్డయ్యన్న కూడా. మిట్టమధ్యాహ్నం. మిల్లు ఆవరణలో పిట్ట కూడా లేదు. గాలికి పత్తి దూది నేల మీద దొర్లుతాంది. గింజల నూనె వాసన ముక్కుకు పట్టేసినట్టుంది. నాయనను లోపలికి పిలుచుకోనొచ్చి, కుర్చీలో కూర్చోబెట్టి, అంతా చెప్పినాను. నవ్వుతాడు అనుకున్నాను. నవ్వలేదు.

"ఆపు తల్లీ," అన్నాడు. "ఎవురో ఆపేదానికంటే నువ్వు ఆపేదే మేలు."

ఎమ్మిగనూరులో సునీత ఇంటికి ఫోన్ చేసి, తలుపేసుకోని పండుకోమన్నాను. గిడ్డయ్యన్నకు చేస్తే ఫోన్లో ఒకటే కేకలు, డప్పులు.

"అన్నా, జనంలో నుంచి బయటికొచ్చి ఒక పావుగంట యాడన్నా పండుకో."

"ఎందుకమ్మా?"

"అడగొద్దు. నీకు దండం పెడతాను."

"మళ్ళా ఆ ఇరుకులోకి పోవల్లనా?" అన్నాడు. నేను ఫోను పెట్టేసినాను.

గిడ్డయ్యను ఆపినాను. సునీతను ఆపినాను. మూడోదాని మీద వేలు పెట్టి నాయన దిక్కు చూసినాను. ఆయన టోపీ సరిచేసుకోని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకోని, కండ్లు మూసుకున్నాడు.

నొక్కినాను.

ఆయన ఊపిరి ఒకటి బయటికి వచ్చింది. నిదానంగా, పొడుగ్గా. తర్వాత ఇంకోటి రాలేదు.

ఫ్యాన్ల చప్పుడు తగ్గింది. లైటు ఉన్నా కొట్టు చీకటి పడినట్టు అనిపించింది. పాత వెర్షన్ ఎక్కుతాంది. నూటికి పది... ఇరవై... ముప్పై... నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏం చూస్తానోనని భయం. నలభై దగ్గర నిలబడిపోయింది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. "కదులు... కదులు తల్లీ..." అని ఆ ఇనప డబ్బాను బతిమాలినాను.

ఆ నిశ్శబ్దంలో నా వెనక కుర్చీ కిర్రుమన్నది.

ఒక్కసారే.

నేను తిరగలేదు.

నలభై ఒకటి. అరవై. నూరు. పాత తెర వచ్చింది. మూడు పేర్లూ ఉన్నాయి, మూడూ ఆగి ఉన్నాయి. గిడ్డయ్యను ఆన్ చేసినాను. నిమిషానికంతా ఫోను మోగింది. "లేసినానమ్మా," అన్నాడు దగ్గుతా. సునీతను ఆన్ చేసినాను. "లేసినాను అక్కా, ఏమైంది?" అని మెసేజి పెట్టింది. నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే. పాత వెర్షన్ పనిచేసింది. ఇంక మా నాయన ఒక్కడే.

మూడోదాని మీద వేలు పెట్టినాను.

"చాల్లేమ్మా," అన్నాడు నాయన నా వెనక నుంచి. "ఇంటికి పోదాం పా."

తిరిగి చూసినాను. నిలబడుకోని ఉన్నాడు. టోపీ, గడ్డం, అదే నవ్వు. ఊపిరి ఆడతాంది. ఉరికి పోయి వాటేసుకోవాల్సిందాన్ని.

తెర దిక్కు చూసినాను. బడేసాబ్... ఆగి ఉంది.

"నాయనా," అన్నాను గుసగుసగా. "నీ మిషను ఇంకా ఆన్ చెయ్యలేదు."

దగ్గరికొచ్చినాడు. నా చెయ్యి పట్టుకోని మెల్లగా మౌసు మీద నుంచి తీసినాడు. నా చెవి దగ్గరికి వంగినాడు.

"చెయ్యొద్దమ్మా," అన్నాడు. "లోపలుండే ఆయప్ప లేస్తాడు."

అది జరిగి పంతొమ్మిది దినాలైంది. గిడ్డయ్యన్న బాగున్నాడు, సునీత బాగుంది. ఒక్క మిషను కూడా పడిపోలేదు. మా ఇంట్లో ఉండే మనిషి కూడా బాగానే ఉన్నాడు. అన్నం తింటాడు, నమాజుకు పోతాడు, నన్ను అల్మాసూ అనే పిలుస్తాడు. గేటు పని పుస్తకంలో రాసుకుంటాండాడు, మిషను అక్కరలేదంటాడు.

నేను రోజూ మధ్యాహ్నం ఆ బటన్ మీద వేలు పెట్టి కూర్చుంటాను. నొక్కితే మా నాయన లేస్తాడేమో. నొక్కితే మా నాయన చచ్చిపోతాడేమో. ఎవరిని అడగాల? వేలు తీసేస్తాను.

ఆపేసిన మిషను, ఆపినప్పుడు కంప్యూటర్లో ఎంత జాగా పట్టిందో అంతే పట్టాల. లోపల ఎవరూ ఏమీ రాయరు కాబట్టి అది పెరగదు.

బడేసాబ్ మిషను రోజూ కొంచెం పెరుగుతాంది.