నర్సు వదిన చెప్పని మాట

బుధవారం వచ్చిందంటే మనోజకు కాలు ఒకచోట నిలవదు. ఫిల్మ్‌నగర్ బస్తీలో ఒక ట్రస్టు నడిపే క్లినిక్‌లో ఆమె నర్సు. పిల్లలు పుట్టకుండా మూడు నెలలకోసారి వేసే సూదికి బుధవారమే రోజు. తొమ్మిదింటికల్లా యాభై మంది ఆడవాళ్లు లైను కడతారు. భోజనాల వేళకు ఆ యాభై మందినీ పంపించేస్తుంది మనోజ. ఇంత చురుకైన నర్సును తానెక్కడా చూడలేదని డాక్టర్ శ్యామలాదేవి నలుగురిలో మెచ్చుకున్నప్పటి నుంచి ఆమె నడకే మారిపోయిందని భర్త తిరుమలేశ్ ఏడిపిస్తుంటాడు.

ఆ ఉదయం ఉప్మా కలుపుతూనే వెనక గదివైపు కేకేసింది. ఆ గదిలో ఉండేది ఆడపడుచు రజిత, ఆమె భర్త, మూడేళ్ల కూతురు. రజిత సినిమాల్లో గ్రూప్ డాన్సర్.

“రజితా, ఈరోజు నీ రెండో సూది. లైన్ల నిలబడకు, సీదా లోపలికి రా. రెండు నిమిషాల పని.”

జూబ్లీ హిల్స్‌లో ఒక నిర్మాత కారు నడపడానికి బయల్దేరుతున్న తిరుమలేశ్ గుమ్మంలో ఆగాడు.

“జర మెల్లగ మాట్లాడు. నిన్న దాన్ని షూటింగుల నుంచి ఎల్లగొట్టిండ్రు.”

“ఎందుకు? ఏం జేసింది?”

“నన్నడగకు. దాన్నే అడుగు,” అంటూ అతను ముఖం తిప్పుకున్నాడు.

అంతలో రజితే బయటికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి. “నేను రాను వదినె. సూదీ వద్దు, నీ క్లినిక్కూ వద్దు.”

“పాగలైనవా? ఇంకో పిల్ల పుడితే డాన్స్ ఎట్ల జేస్తవ్? డాన్సర్ల యూనియన్ కార్డు కోసం ఎన్నేండ్లు తిరిగినవో మర్చిపోయినవా? నఖరాలు జేయకుండ పదా.”

“నఖరాలా?” రజిత ఎదురుగా వచ్చి నిలబడింది. “ఆరేండ్లకు మొదటిసారి నన్ను ముందు వరసల నిలబెట్టిండ్రు. తెల్ల లంగా ఇచ్చిండ్రు. పాట మధ్యల మొత్తం మరకలైనయి. నెల తారీఖు గాదు, నొప్పి లేదు, ఎట్ల తెలుస్తది నాకు? సెట్టుల అంత మంది చూసిండ్రు. డాన్స్ మాస్టరు మైకులనే అన్నడు, ఆ అమ్మాయిని తీసేయండి అని.”

మనోజ నోరు మాత్రం అలవాటైన దారినే పోయింది. “అయ్యో, గది సూదికి మొదట్ల అయితది. కొందరికి ఎప్పుడంటె అప్పుడు కనబడతది. పానానికేం భయం లేదు. అందరికీ తెలిసిందే గద.”

ఆ చివరి మాట అనకుండా ఉంటే ఎంత బాగుండేదో!

“ఎవరికి తెల్సు? నాకు తెల్సా? ఆ దినం నేనడిగిన, దీంతోని ఏమన్న అయితదా వదినె అని. నువ్వు సిరంజిలకు మందు గుంజుకుంటనే, ఏం కాదు బేఫికర్ అన్నవ్. నా మొహం గూడ చూడలె. నా ఎనకామెను పిలిచినవ్. బయటి నర్సయితే ఇంకొకసారి అడుగుదును. మా వదినె గద అని నమ్మిన.”

తప్పు తనదేనని తెలుస్తున్నకొద్దీ మనోజ గొంతు పెరిగింది. “యాభై మంది ఉంటరు. ఒక్కొక్కరికి అన్నీ చెప్పుకుంట కూసుంటె ఎట్లయితది? ఇట్లాంటియి చెప్తె సగం మంది భయపడి పోతరు. నీ మంచికే చెప్పలె!”

“నా మంచి నేను చూసుకోనా? చెప్తే ప్యాడ్ పెట్టుకొని పోదును. గంతే గద వదినె!”

తిరుమలేశ్ కారు తాళాలు చేతిలో తిప్పుతూ నేల చూపులు చూస్తున్నాడు. అప్పుడు, ఇంతసేపూ మూలన కూర్చుని బియ్యం ఏరుతున్న అత్తగారు నీలమ్మ చేట పక్కన పెట్టింది.

“మనోజా, నేనొకటి అడుగుతా, కోపం జేయవు గద? నా నడుం నొప్పి గా ఆపరేషన్‌తోనే వచ్చిందా బిడ్డా?”

“ఏ ఆపరేషన్ అత్తమ్మా?”

“రజిత పుట్టినంక క్యాంపుల జేసిండ్రు. ఏలిముద్ర ఏపిచ్చుకున్నరు గని ఏం జేస్తుండ్రో ఒక్కరు జెప్పలె. లోపల ఏదో కోసి తీసేసిండ్రనుకున్న. కుట్లు ఊడుతయేమోనని ఇప్పటిదాక బరువు ఎత్తాల్నంటె భయమే నాకు.”

“ఏమీ తీసెయ్యరు. పిల్లలు కాకుండ రెండు సన్నటి గొట్టాలు కట్టేస్తరు, గంతే. ఆ కుట్లు ఎప్పుడో మానిపోయినయి. నడుం నొప్పికి వేరేగ చూపిద్దాం. ఎనిమిదేండ్ల సంది ఒక్క ఇంట్ల ఉన్నం, నన్నొక్కసారి అడగకపోతివి?”

“అడుగుదామనుకున్న బిడ్డా. నువ్వు తీరికెగ ఎన్నడు కూసున్నవ్? నర్సమ్మలు కసురుతరని భయం.”

మనోజ పొయ్యి ఆపేసి అక్కడే చతికిలబడింది. తను చేసిన అన్నం తింటూ, తన పిల్లలను ఎత్తుకుని పెంచుతూ, ఎనిమిదేళ్లుగా ఈ పెద్దమనిషి తనకు భయపడింది. మరి బుధవారం వచ్చే ఆ యాభై మంది సంగతేమిటి? వాళ్లలో ఎంతమంది అడగబోయి నోరు మూసుకుని వెళ్లిపోయి ఉంటారు? ఏడుపు ఆగలేదు. ఎవరూ ఆపలేదు కూడా. కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది.

“తప్పు నాది రజితా. సూది ఏస్కొమ్మని అనను. క్లినిక్‌కు మాత్రం రా. అన్నీ చెప్త, అన్నీ అడుగు. విన్నంక వద్దంటె వద్దు. మీ మాస్టరు దగ్గరికి గూడ వచ్చి చెప్త.”

“మాస్టరుకు నేనే చెప్పుకుంట,” అంది రజిత. అయినా చెప్పులేసుకుంది.

క్లినిక్‌లో మనోజ తెర లాగి, తన కుర్చీ పక్కనే రజితకు స్టూలు వేసింది. సూదితో మరకలెందుకు అవుతాయో, కొన్నాళ్లకు నెలసరి ఆగినా అది జబ్బు ఎందుకు కాదో చెప్పింది. గర్భసంచిలో పెట్టే కాపర్‌టీతో మొదట్లో రక్తం ఎక్కువ పోతుందనీ, మాత్రలు రోజూ మరవకుండా వేసుకోవాలనీ, వాటితోనూ మొదటి నెలల్లో కాస్త మరకలు కనిపించవచ్చనీ చెప్పింది. బీపీ చూసింది. తలనొప్పులు వస్తాయా అని అడిగింది. చివరికి, “ఇప్పుడు నువ్వు నాకు చెప్పు, ఏం సమజైంది?” అంది. రజిత ఒకటి తప్పు చెబితే మనోజ మళ్లీ మొదటి నుంచి చెప్పింది.

“మాత్రలు ఇయ్యి. ఫోన్ల అలారం పెట్టుకుంట. తారీఖు ఎప్పుడొస్తదో నాకు తెల్వాలె,” అంది రజిత.

తెర తొలగించి శ్యామలాదేవి తొంగి చూసింది. “ఏంటి మనోజా ఇది? తొమ్మిదిన్నర దాటింది, ఇంకా మూడో మనిషేనా? లైను గేటు దాటిపోయింది. తను మీ ఇంటి మనిషే కదా, ఇంట్లో చెప్పుకోవచ్చుగా?”

“ఇంట్ల గూడ చెప్పలే మేడం. గందుకే ఈమె పని పోయింది. ఇగ ఒక్కొక్కరికి పది నిమిషాలు పడతది. ఈరోజు ఇరవై మందినే చూస్త. సూది నాలుగు వారాలు లేటైనా నడుస్తది గద, మిగిలినోళ్లను రేపు రమ్మంట.”

“లెక్క తగ్గిందేమని ట్రస్టు వాళ్లు అడిగితే?”

“నన్ను పిలవండి. నేనే చెప్త.”

డాక్టరమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. “సరే, కానివ్వు. బయటివాళ్లకు నేను సర్ది చెప్తాను,” అని వెళ్లిపోయింది.

రజిత లేవబోయింది. మనోజ ఆమె చెయ్యి పట్టుకుంది. “కూసో. ఇంకేమన్న అడగాల్నా?”

రజిత తల వంచుకునే అడిగింది. “వదినె, మూడు నెలల సంది ఒకటే భయం. ఇంకో నాలుగేండ్లకు నాకొక కొడుకో బిడ్డో కావాల్నంటె అయితదా? ఆ సూదితోని అంతా అయిపోయిందా?”

ఆ పిల్లకు ఇంకొకరు కావాలని ఉందేమోనన్న ఆలోచనే మనోజకు ఎన్నడూ రాలేదు. ఆడపడుచును దగ్గరికి లాక్కుంది.

“అయితది తల్లీ. సూది పని పోయెటందుకు కొన్ని నెలలు పడతది, గంతే. ఎప్పుడు కావాల్నో, నువ్వు చెప్పు.”