భీమప్ప దొడ్లో పాతర

ఊరి పేరు రాయను. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి పోయే దారిలో ఉంది, అంతవరకే చెబుతాను. ఆ ఊళ్లో మా చుట్టాలు ఇంకా ఉన్నారు, వాళ్లతో మాట పడటం నాకిష్టం లేదు.

మాది మగ్గం ఇల్లు. మా ఆయన పంచె నేసినా చీర నేసినా అంచు దగ్గర ఒక్క పోగు తప్పేది కాదు. అయితే ఎనభైల మొదట్లో మిల్లు చీరలు సంతల్లోకి గుట్టలుగా వచ్చి పడ్డాయి. మగ్గం ఒక్కదాన్నే నమ్ముకుంటే ఇల్లు గడవదని ఆయనకు బెంగ పట్టుకుంది. అప్పుడే తుంగభద్ర కాలువ మరమ్మతులు చేసిన కంట్రాక్టరొకడు, పని ముగిసిందని తన చిన్న తవ్వే మిషను అమ్మకానికి పెట్టాడు. మా ఆయన పోయి చూసి వచ్చాడు. వచ్చిన దగ్గర నుంచి అన్నం సహించలేదు. మగవాళ్లకు ఇనుము మీద అంత మోజు ఎందుకో నాకు తెలీదు. పెళ్లిచూపుల్లో నన్ను కూడా అంతసేపు చూడలేదు.

మొత్తానికి బండి మా ఇంటి ముందుకు వచ్చింది. ట్రాక్టరు లాంటిదే. ముందు మన్ను నెట్టే రేకు, వెనక పొడుగాటి చెయ్యి, ఆ చేతికి పళ్లున్న తొట్టి. పల్లెల్లో పిల్లలు దాన్ని తొండం బండి అన్నారు, అదే పేరు నిలిచిపోయింది. మామూలు రోజుల్లో మగ్గం, పిలుపు వస్తే తొండం బండి. పునాదులు తీశాం, పేడ గుంతలు తీశాం, పూడిపోయిన వంకలు బాగుచేశాం. తీశాం అని ఎందుకంటున్నానంటే, నేనూ పోయేదాన్ని. సీట్లో కూర్చున్న మనిషికి తొట్టి ఎక్కడ పడుతుందో సరిగా కనపడదు. ఎదురుగా నిలబడి చెయ్యి ఊపి చెప్పే మనిషి కావాలి. "జీతగాడెందుకు రుద్రీ, నువ్వుండావు కదా" అనేవాడు. నా పేరు రుద్రమ్మ. రుద్రీ అని పిలిచేది ఆయనొక్కడే, అదీ పక్కన ఎవరూ లేనప్పుడు. నిజం చెప్పాలంటే మడ్గార్డు పట్టుకొని ఊళ్లు తిరగడం నాకు సరదాగానే ఉండేది.

ఎండాకాలం పోతూ ఉండగా, నేను పేరు రాయనన్న ఆ ఊరి నుంచి భీమప్ప కబురు పెట్టాడు. ఆయన పత్తి రైతు. పత్తి దాచుకోవడానికి దొడ్లో రేకుల షెడ్డు వేసుకోవాలని అనుకున్నాడు. షెడ్డు వెయ్యాల్సిన చోటే వాళ్ల తాతల నాటి పాతర ఉంది.

పాతరంటే జొన్నలు దాచుకునే గొయ్యి. పైన మూతి మనిషి భుజాలు పట్టేంత, కింద కడుపు కుండలాగా వెడల్పు. లోపల చుట్టూ గడ్డి పరిచి, జొన్నలు పోసి, మూతి మీద బండ పెట్టి మన్ను మెత్తేవాళ్లు. కరువు వస్తే అదే దిక్కు. అందరూ పత్తికి, వేరుశనక్కాయకు తిరిగాక పాతర్లతో పని లేకుండా పోయింది. భీమప్పది బండ మూసినట్టే ఏళ్ల తరబడి పడి ఉంది.

మేం పోయేసరికి పొద్దు వాలుతోంది. బండ జరిపితే లోపలి నుంచి వాసన కొట్టింది. పులిసిన గంజి వాసన, దాని అడుగున ఇంకేదో. తడిసిన వెంట్రుకల వాసన అనిపించింది నాకు. చెడుగాలి పోవాలని చాలాసేపు మూతి తెరిచి ఉంచాం. తరవాత లాంతరు తాడుకు కట్టి దించి చూశాం. ఆరలేదు.

"కడుపు యాడిదాకా పోయిందో సూడాల. తెలీకుండా బండి దగ్గరికి తెస్తే నేల కూలి బండి లోపల పడతాది" అన్నాడు మా ఆయన.

అది సబబే. నడుముకు తాడు కట్టుకొని, లాంతరు పట్టుకొని దిగాడు. పైన తాడు నేనూ భీమప్పా పట్టుకున్నాం. ఆయన తల చీకట్లోకి పోయింది. కాసేపు వెలుతురు గోడల మీద కదిలింది. తరవాత ఆరిపోయింది.

"ఏమయ్యా!" అని అరిచాను.

పలుకు లేదు.

"ఏమయ్యా... పలకవేం?"

నా చేతుల్లో తాడు వదులుగా ఉంది. ముందు ఎవరో పట్టుకొని ఉన్నట్టు ఉన్నది, ఇప్పుడు ఎవరూ లేనట్టు వేలాడింది. భీమప్ప వంగి లోపలికి చూస్తున్నాడు. అంతలో తాడు రెండు సార్లు గుంజినట్టయింది. లాగాం. చకచకా వచ్చేశాడు. దించేటప్పుడు అరచేతులు మండాయి, లాగేటప్పుడు ఆ బరువే లేదు. పాదాలు గోడకు తన్ని ఎక్కివుంటాడని అనుకున్నాను.

"ఎందుకు పలకలేదు? నా పానం పోయింది."

"లాంతరు ఆరిపోయింది" అన్నాడు. వెంట్రుకల నిండా ఊక. "లోపలేం లేదు. పూడ్సేద్దాం."

లాంతరు లోపలే వదిలేసి వచ్చాడు. దాని కోసం మళ్లీ దిగమని నేను అనలేదు.

బండి స్టార్టు చేశాడు. నేను ఎదురుగా నిలబడి చెయ్యి ఊపుతుంటే, తొట్టెడు మన్ను ఎత్తి మూతిలో పోశాడు. ఇంకో తొట్టి. ఇంకోటి. ఇంట్లో మంచంలో ఉన్న ముసలామె, భీమప్ప తల్లి ఈరమ్మ, లోపలి నుంచి ఏదో అరుస్తోంది. ఇంజను మోతలో వినపడలేదు. మా ఆయన ఇంజను ఆపాడు.

"పేర్లు పిల్సినారా అంటాండాది మాయమ్మ" అన్నాడు భీమప్ప నవ్వుతూ. "పాతర మూసేటప్పుడు పనిలో ఉన్నోళ్లనందర్నీ పేరు పెట్టి పిలుస్తారు. అందరూ 'ఉండా' అనాల. ఎవరన్నా లోపల మిగిలిపోయినారేమో సూసుకునేదానికి, అంతే."

"సగం పూడ్సినాక ఇంకేం పిలుస్తారన్నా?" అన్నాను.

"ముసలామె మనసు కోసం. అప్పుడు పిలిస్తే ఏం, ఇప్పుడు పిలిస్తే ఏం." నడుం మీద చేతులు పెట్టుకొని గొయ్యి వైపు తిరిగాడు. "భీమప్పా! ఉండా." తన పేరుకు తనే పలికి నవ్వాడు. "రుద్రమ్మా!"

"ఉండా" అన్నాను.

"బసవరాజూ!"

మా ఆయన సీట్లో నుంచి, "ఉండా" అన్నాడు.

కింద నుంచి కూడా, "ఉండా..."

అదే గొంతు. మన్ను అడుగు నుంచి. అలసిపోయి.

భీమప్ప నవ్వు ముఖం మీదే ఉండిపోయింది. పొద్దు పూర్తిగా దిగింది. దొడ్లో ఎద్దు గొలుసు చప్పుడు కూడా ఆగిపోయింది. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు, గొయ్యి వైపు చూస్తున్నాడు.

"రుద్రీ..." అంది మన్ను. "మన్ను ఎందుకేస్తాండారు? నేనింకా ఎక్కలేదు కదా..."

మూతి దగ్గరికి పోయి మోకాళ్ల మీద కూర్చున్నాను. ఆ పేరు భీమప్పకు తెలీదు. ఆ ఊళ్లో ఎవరికీ తెలీదు.

"అది నేను కాదు" అన్నాడు మా ఆయన. "రుద్రీ, నన్ను సూడు. నేనీడుండా."

"తాడు ఊడిపోయింది రుద్రీ. చీకట్లో ఎవరో కట్టుకున్నారు. పైకి వచ్చినోడు నేను కాదు... ఊపిరాడతలేదు..."

గోడ పట్టుకొని ఈరమ్మ వచ్చింది. కొడుకు ముఖం చూసింది. గొయ్యిలో పడిన మన్ను చూసింది.

"మన్ను పడకముందే పిల్సినారు కదప్పా?" అంది మెల్లగా.

భీమప్ప తల అడ్డంగా ఊపాడు.

"మన్ను పడినాక పిలవగూడదు. పిలిస్తే కింద ఎవరో ఒకరు పలకాల కదా." తలుపు దగ్గరే కూర్చుండిపోయింది.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నాకు భయమేస్తే ముందు కోపమే వస్తుంది. లేచి బండికీ గొయ్యికీ మధ్య నిలబడ్డాను.

"పెండ్లి రోజు నేనెందుకు ఏడ్సినాను? సెప్పండి."

ఇద్దరూ ఒకేసారి చెప్పారు. పైనా, కిందా. "గాజు పగిలి సెయ్యి కోసుకున్నావు." ఒక్క అక్షరం వెనకా ముందూ కాలేదు. తరవాత కింది గొంతు ఇంకో మాట అంది. "అపశకునమంటారని ఎవరికీ సెప్పొద్దన్నావు. నా కండవాతో కట్టుకున్నావు."

నేను పైకి చూశాను. మా ఆయన తల ఊపాడు. "అవును... అదీ నిజమే" అన్నాడు. ఆయనకు అది గుర్తుండి తల ఊపాడో, అప్పుడే విని తల ఊపాడో నాకు ఈరోజుకీ తెలీదు.

దగ్గరికి పోయి ఆయన రొమ్ము మీద చెయ్యి పెట్టాను. గుండె దబదబా కొట్టుకుంటోంది. చెమట, డీజిలు, బీడీ... రోజూ నా పక్కన పడుకునే వాసనే. కళ్లలో నీళ్లు కారిపోతున్నాయి. ఆ మనిషి కాకపోతే ఇంకెవరు?

కింద నుంచి దగ్గు వినపడింది. మా ఆయన దగ్గే. పత్తి ధూళి పడినప్పుడు వచ్చే పొడి దగ్గు.

"తవ్వు" అన్నాను.

ఆయన కాదనలేదు. అందుకే నాకు ఆయన మీద నమ్మకం కలిగింది, కాదని ఉంటే ఏం చేసేదాన్నో. కళ్లు తుడుచుకొని పిడి మీద చెయ్యి వేశాడు. "తవ్వుతా. ఎవరుండారో సూద్దాం" అన్నాడు. తొండం పైకి లేచింది.

భీమప్ప నా జబ్బ పట్టుకున్నాడు. "తవ్వితే ఇద్దరుంటే?" అన్నాడు గుసగుసగా. "ఇద్దరూ పైకొస్తే ఎవర్ని ఇంటికి పిల్సుకపోతావమ్మా? రెండోవాడు యాడికి పోతాడు? నా ఇంట్లోకే కదా?"

నేను ఆలోచించాను. ఎంతసేపో చెప్పలేను. తవ్వి, పైకి వచ్చినవాడికి కూడా గుండె కొట్టుకుంటుంటే? వాడూ ఏడుస్తుంటే? లేదా తవ్వేలోపు బండి మీద ఉన్న మనిషి నా కళ్ల ముందే ఊకలా రాలిపోతే? ఒక్కడు నా చేతికి అందుతున్నాడు. వెచ్చగా ఉన్నాడు. వాడిని పోగొట్టుకోలేను అనిపించింది. ఎవరేమన్నా అనుకోండి, నా చోట నిలబడి చూసినవాళ్లెవరూ లేరు.

"పూడ్సెయ్" అన్నాను.

"రుద్రీ?" అంది కింద.

ఇంజను మోగింది. ఎదురుగా నిలబడి నేనే చెయ్యి ఊపాను. లేకపోతే ఆయనకు మూతి కనపడదు. తొట్టి తరవాత తొట్టి. మన్ను పడిన ప్రతిసారీ ఇంజను చప్పుడు కింద నా పేరు... ఒకసారి గట్టిగా, ఒకసారి ఏడుస్తూ, ఒకసారి ఇంట్లో నీళ్లడిగినట్టు మామూలుగా. తరవాత పేరు ఆగిపోయింది. రేకుతో చివరి మన్ను నెట్టడానికి ఆయన బండి తిప్పుకుంటూ ఇంజను తగ్గించాడు. అప్పుడు మన్నులో నుంచి చాలా చిన్నగా వినపడింది.

"సరేలే రుద్రీ."

నేను ఇంట్లో ఏదన్నా మొండికేస్తే, వాదించి వాదించి, చివరికి ఆయన అలాగే అనేవాడు.

చదును చేసి వచ్చేశాం. ఆ నెలలోనే ఆయన తొండం బండి పత్తికొండ వైపు ఎవరికో అమ్మేశాడు. నేను ఎందుకని అడగలేదు. భీమప్ప షెడ్డు వేసుకోలేదు, ఆ చోట ముళ్లకంప వేశాడు.

ఆ మనిషి మంచివాడు. అది కూడా చెప్పాలి. ఒక మాట పడనివ్వలేదు, ఒక పూట పస్తు పెట్టలేదు. నాకు జ్వరమొస్తే తల దగ్గర కూర్చునేవాడు. నేను మొండికేసినప్పుడు నవ్వి ఊరుకునేవాడు. సరేలే అని మాత్రం ఆ తరవాత ఎప్పుడూ అనలేదు.

మాది గుంత మగ్గం. నేలలో గుంత ఉంటుంది, నేసేవాడు అంచున కూర్చొని కాళ్లు అందులోకి దించి చెక్కలు తొక్కుతాడు. బండి అమ్మేశాక ఆయన మళ్లీ పూర్తిగా మగ్గం మీదే పడ్డాడు. వానలు మొదలైన ఒక సాయంత్రం, రొట్టెలు కాల్చి పిలిస్తే నేత ఆపి వచ్చాడు. నాకు ఎదురుగా మఠం వేసుకొని కూర్చున్నాడు. రెండు కాళ్లూ నాకు కనపడుతూనే ఉన్నాయి. రొట్టె తుంచుతున్నాడు.

ఆయన వెనక, ఖాళీ మగ్గంలో, పోగులు పైకి లేచాయి. దిగాయి. గుంతలో చెక్క కిర్రుమంది. ఎవరో కుడికాలు ఎత్తి ఎడమకాలు నొక్కినట్టు, మెల్లగా, పని తెలిసిన కాలితో.

ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. నా కంచం నా వైపు జరిపాడు.

"తిను, సల్లారిపోతాది" అన్నాడు.

ఆ రాత్రి వానకు దీపం ఆరిపోయింది, ఆయన మళ్లీ మగ్గం దగ్గరికి పోలేదు. పొద్దున మగ్గం మీద బట్ట జానెడు పెరిగి ఉంది. అంచు దగ్గర ఒక్క పోగు తప్పలేదు. ఆయన నేసిన దాంట్లో, బండి అమ్మిన తరవాత నేసిన ప్రతి చీరలో, పోగులు తప్పుతూనే ఉన్నాయి.