ముందు వరస బల్ల

నది చర్చిలోకి వచ్చి ఎనిమిది రోజులు కూర్చున్న ఏడాది అది. నీళ్ళు దిగాక బల్లలు బాగుచేయడానికి నన్ను పిలిచారు. నేను వడ్రంగిని. అప్పటికి ఇరవై నాలుగేళ్ళు. మూడో తరగతితో బడి మానేశాను.

మొత్తం పద్దెనిమిది బల్లలు. ముందు వరస బల్లకు ఒక కాలు లోపల చివికింది. రంపపు పొట్టు, జిగురు కలిపి కూరి, పైన రంగేశాను. అందరూ చేసేదే. రెండో బల్లకు వచ్చేసరికి మళ్ళీ అలా చేయడానికి చేతులు రాలేదు. కొత్త కాళ్ళు చెక్కడం మొదలుపెట్టాను. మొదటిదాని సంగతి తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

మూడో రోజు పాస్టరుగారి కూతురు వచ్చింది. బడిలో లెక్కల టీచరు. గొడుగు ముడిచి, నీళ్ళన్నీ నా పనిముట్ల మీద దులిపింది.

"వచ్చే నెల మొదటి ఆదివారం చర్చి తెరవాలి. ఇంకా రెండు బల్లలే అయ్యాయేం?"

"కాళ్ళు చివికాయండి. మార్చాలి."

"రంగేసేయొచ్చుగా! ఎవరికి కనిపిస్తుంది?"

"తప్పు కదండీ."

ఆమె ముఖం వెలిగింది. తగవు దొరికితే ఆమెకు అంతే, ఇప్పటికీ.

"తప్పని ఎవరు చెప్పారు మీకు?"

"ఎవరు చెప్పాలి? బల్ల ఉన్నది కూర్చోవడానికి. అది విరిగితే మనిషి నడుం విరుగుతుంది."

"నడుం విరగడం చెడ్డదని చెక్కకు తెలుసా?"

"నడుముకు తెలుసండి."

ఫక్కున నవ్వింది. అలాగని వదల్లేదు.

"ఆ నడుము చేసిందెవరు? మంచీ చెడూ దేవుడు ప్రతి మనిషి గుండెలో ముందే రాసిపెట్టాడు. మీరు చదువుతున్నదీ అదే. మా నాన్న దాన్ని సహజ ధర్మం అంటారు."

"నేను చదివింది మూడో క్లాసేనండి. గుండెలో రాత నాకు కనపడదు. చెక్క ఎటు చీలుతుందన్నది చెక్కలోనే ఉంది. మనిషికి ఏది మంచిదన్నది మనిషిలోనే ఉంది. పైనుంచి ఒకరు రాయక్కర్లేదు."

"చూద్దాం, మూడో క్లాసూ! మా నాయనమ్మ ముందు వరసలోనే కూర్చుంటుంది. ఆ బల్ల గట్టిగా చేశావా?"

చిత్రిక పడుతున్న చెయ్యి ఆగింది. చేశానని అనలేదు. చేయలేదనీ అనలేదు.

ఆ తర్వాత రోజూ బడి అయ్యాక వచ్చేది. వాన లేని రోజు కూడా గొడుగుతోనే. ఎందుకని అడిగితే, "నీ చెక్కపొట్టు నెత్తిన పడకుండా" అంది. వచ్చి వాదించేది. నేను రెండు మాటలంటే ఆమె ఇరవై అనేది. లెక్కల టీచరు కదా.

ఒకరోజు గొడుగు కొసతో నేల మీద గీతలు గీస్తూ అంది:

"నీ మీద కోపం తెచ్చుకుందామన్నా రావడం లేదు. ఇది మంచిదో చెడ్డదో నీ చెక్కనడిగి చెప్పు."

"చెక్క ఒప్పుకుంటోందండి. మీ నాన్నగారిని అడగాలి."

చర్చి తెరవడానికి ముందు రోజు, శనివారం సాయంత్రం, ఆయన ముందు నిలబడ్డాను. పాస్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"దేవుణ్ణి నమ్ముతావా బాబూ?"

ఆయన వెనక తలుపు దగ్గర ఆమె నిలబడి ఉంది. అవునను, అవునను అని నాకు తల ఊపుతోంది. నెల రోజులు నాతో వాదించిన మనిషే.

"లేదండి."

ఆమె నుదురు కొట్టుకుంది.

"అవునని ఒక్క మాటంటే నా కూతుర్నిస్తాను. తెలిసే కాదన్నావా?"

"తెలిసేనండి. అబద్ధమాడి చేసుకుంటే, అది బయటపడిన రోజు ఆమె ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు. చూడలేను."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత కూతురివైపు తిరిగారు.

"దేవుడు గుండెలో రాసిన ఉత్తరమంతా చదివాడమ్మా. కింద సంతకం చూడలేదు, అంతే."

"మూడో క్లాసుతో ఆపేస్తే అంతే మరి నాన్నా. సంతకం నేను చూపిస్తాలే."

నలభై ఒక్కేళ్ళయింది. ఇంకా చూపిస్తూనే ఉంది.

"పెళ్ళి చేస్తాను" అన్నారాయన. "దాపరికం లేని మనిషివి."

ఆ మాట ముల్లులా దిగింది.

గేటు దాకా ఆమె వచ్చింది. వాన మొదలైంది. ఇద్దరికీ ఒకటే గొడుగు.

"మీకో మాట చెప్పాలండి."

"ఇప్పటికైనా!" కళ్ళు దించుకుంది. "చెప్పు."

"మీ నాయనమ్మగారి బల్ల కాలు చివికింది. పొట్టు కూరి రంగేశాను."

ఆమె కళ్ళెత్తింది. గొడుగు మొత్తం తనవైపు లాక్కుంది. నేను తడిశాను.

"నెల రోజులు నాకు నడుం, నడుం అని ఉపన్యాసాలా! రేపు ముసలావిడ కూర్చోవాలి దాని మీద. ఎందుకు చెప్పలేదు?"

"సిగ్గేసిందండి."

"ఎవరు చూశారని సిగ్గు?"

వాదం గెలిచానని ఆమె నవ్వలేదు. కాసేపటికి గొడుగు సగం నావైపు జరిపింది.

"ప్రార్థన ఎనిమిదింటికి" అంది.

మర్నాడు ఐదింటికి చర్చి తలుపు తీశాను. బల్ల తిరగేసి, కూరిన పొట్టంతా ఉలితో తవ్వి, ఆ కాలు ఊడదీసి కొత్తది బిగించాను. ముందు నేను కూర్చుని చూశాను. ఎనిమిదింటికి నాయనమ్మగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాను. ఆ కాలికి మాత్రం రంగు వేయలేదు.