నీలి చున్నీతో వచ్చిన పురుగు

"ఎవరు పెట్టిన్రు గివి?"

గట్టు మీద నిలబడి అరిచిన మనిషి చేతిలో నాలుగు నీలిరంగు జిగురు అట్టలున్నాయి. మొయినాబాద్ వ్యవసాయ కాలేజీలో చదివే వెన్నెల అటు పరుగెత్తింది. నల్ల తామర పురుగు ఏ వేళకు, ఎంత ఎత్తులో ఎగురుతుందో తేల్చడానికి చేవెళ్ల దగ్గర బాలప్ప మిరప చేనులో ఆమె కట్టుకున్న అట్టలవి. పది రోజుల లెక్క అతని గుప్పిట్లో వేలాడుతోంది.

"నేనే పెట్టిన. పీకనీకి మీరెవరు?"

"పక్క పాలీహౌస్ నాది. లోపట జర్బెరా పూలున్నయ్. మీరేమో నీలం అట్టలు పెట్టి ఊరి పురుగునంతా పిలుస్తున్రు!"

"పిలుస్తలేను సార్, పట్టుకుంటున్న. పరాయి దేశం నుంచి వచ్చిన పురుగు అది, నీలం రంగు కనబడితే వచ్చి వాలుతది. పూలల్ల కూసోని రసం పీలుస్తది. సొంతంగ ఎక్కువ దూరం ఎగురలేదు, గాలి ఎటు కొడితే అటు పోతది. మీ మీద దానికి పగేం లేదు."

అతను నవ్వు ఆపుకోలేకపోయాడు. పేరు పరమేష్. మర్నాడు పొద్దున తనే అట్టలు మళ్లీ కట్టాడు, వాటి మీది నంబర్లన్నీ తలకిందులుగా.

వారం తిరిగేసరికి పాలీహౌస్‌లో కూడా వెన్నెల అట్టలు వేలాడాయి. "లోపటి లెక్క గూడ కావాల్నని మా కాలేజీ సార్ అడిగిండు" అంది. రోజూ మిరప చేనులో లెక్క ముగించి అటు నడిచేది. పరమేష్ పురుగు రాకుండా బిగించిన వల తలుపు తీసి పట్టుకునేవాడు.

"పురుగుకు గూడ టైముంటదా?"

"ఎండెక్కినంక ఎక్కువ ఎగురుతది. పది గంటలకట్ల."

"నువ్వు గూడ గప్పుడే వస్తవ్."

వెన్నెల తల వంచుకుని, లెక్కపెట్టిన అట్టనే మళ్లీ లెక్కపెట్టింది.

అతనికది మొదటి పంట. పెళ్లిళ్ల సీజన్‌కు గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో మాట ఇచ్చి ఉన్నాడు. పూలు కోయడానికి పది రోజులున్నాయనగా ఫోన్ చేశాడు. "జల్దీ రా."

పూరేకుల మీద గోధుమరంగు చారలు. ఒక్కో పూవు విదిలిస్తే నల్లగా, సన్నగా పురుగులు పాకుతున్నాయి. వల ఎక్కడా చిరగలేదు.

"ఎట్ల వచ్చినయ్?" పరమేష్ వల అంచులు తడిమి చూశాడు.

వెన్నెల నోట్‌బుక్ తిప్పింది. పరీక్షలకని తను రాని వారమంతా వేలాడిన లోపలి అట్టలు ఖాళీ. తను వచ్చిన రోజుల్లో తలుపు దగ్గరి అట్ట నిండా పురుగులు. నోట్‌బుక్ మూసి, అతనికేమీ చెప్పకుండా బస్టాపుకు వెళ్లి, రోజూ చేనులో వేసుకునే నీలి చున్నీని తెల్లకాగితం మీద దులిపి భూతద్దం పెట్టింది.

పదకొండు పురుగులు.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. మొయినాబాద్ బస్సు వచ్చి ఆగింది. ఎక్కలేదు. వెనక్కి నడిచింది.

"నేనే తెచ్చిన, పరమేష్."

"ఏంది?"

"పురుగును. మిరపల నుంచి సీదా నీ పూలల్లకు. నా బట్టల మీద."

అతని మొహం తెల్లబోయింది. "మీ సార్ అడిగిండని గద వచ్చినవ్?"

"సార్ అడగలే."

"మరెందుకు వచ్చినవ్ రోజూ?"

దాచడానికి ఇంకేం మిగల్లేదు. "నిన్ను చూద్దామని."

పరమేష్ డ్రిప్ పైపుల చుట్ట మీద కూలబడ్డాడు. చారలు పడ్డ పూవొకటి తెంపి పారేశాడు. "పో, వెన్నెలా."

మూడు రోజులు ఫోన్ మోగలేదు. నాలుగో రోజు మొయినాబాద్ హాస్టల్ గేటు ముందు ఒక పెద్దావిడ నిలబడి ఉంది. "నేను శంకరమ్మను, పరమేష్‌ను కన్న అవ్వను" అనగానే వెన్నెల ఒక అడుగు వెనక్కి వేసింది.

"తిట్టనీకి రాలే బిడ్డా. మూడు వరుసలు పీకేసి కవర్లల్ల కట్టినం. తక్కిన పూలు దక్కినయ్. నువ్వు నోరు మూసుకుంటే మొత్తం పోతుండె."

"తప్పు నాదే, అవ్వా."

"నీదొక్కదానిదే ఎట్లయితది? బయటోళ్లను లోపటికి రానియ్యొద్దని రూల్ పెట్టింది వాడే. రోజూ తలుపు తీసి పట్టుకున్నది వాడే. గిప్పుడు నీ మొకం చూడనీకి సిగ్గంట."

అప్పుడు చూసింది వెన్నెల. రోడ్డుకు అవతల, బైక్ మీద కూర్చుని ఎటో చూస్తున్నాడు పరమేష్.

"మీ అవ్వా బాపు ఏ ఊర్ల ఉంటరు బిడ్డా?"

ఆ ప్రశ్న ఎందుకో అర్థమై వెన్నెల చున్నీ అంచు వేలికి చుట్టుకుంది.

"కొండకల్!" రోడ్డు అవతలి నుంచి పరమేష్ కేక వేశాడు. "నిన్న నేను పోయి వాళ్ల బాపుతోని పెండ్లి మాట మాట్లాడొచ్చిన!"

శంకరమ్మ, వెన్నెల ఒకేసారి నోళ్లు తెరిచారు.