జేజి పేరున పంపిన అంకె

జేజి సూదిలోకి దారం ఎక్కించలేకపోతోంది. ఎండ వల్లే. రంజాన్ నెలలో మధ్యాహ్నం దాటితే ఎవరి చేతులైనా వణుకుతాయి కదా. వణకవా? నిన్న కూడా వణికాయేమో. గుర్తులేదు. నిన్న జేజి చేతులు చూడలేదు. చూడకూడదని అనుకుందేమో.

సబీనా గడప మీద కూర్చుని ఇలాగే ఆలోచిస్తోంది. ఒంటిపూట బడి వదిలాక ఇంటికి వచ్చి, అన్నం తిని, అక్కడే కూర్చుంది. నాన్న అమీర్ బాషా గూడూరులో పరుపులు కుడతాడు. పొద్దున బస్సుకు పోతే సాయంత్రానికే రాక. అమ్మ రొయ్యల కంపెనీ వ్యాన్ ఎక్కి వెళ్లింది. ఇంట్లో ఉన్నది తనూ, నాన్న వాళ్లమ్మ సుల్తాన్‌బీ జేజీ, గూట్లో పాత ఫోనూ.

ఫోన్ తీసి చూసింది. ఆకుపచ్చ టిక్కు. దాని కింద ‘సుల్తాన్‌బీ, షుగర్ బాగుంది’ అని ఉంది. సబీనా మనసు కుదుటపడింది.

ఆ టిక్కు తెచ్చిన షుగర్ అంకెను ఇందాక తనే కొట్టింది. అది జేజి రక్తానిది కాదు, తన రక్తానిది. ఆ సంగతి తెలిసి కూడా, ఆకుపచ్చ రంగు కనబడగానే ధైర్యం ఎందుకు వచ్చిందో సబీనాకు అర్థం కాలేదు.

రంజాన్ ఒక్కపొద్దులు మొదలయ్యే ముందు రోజారమణి సిస్టర్ ఇంటికి వచ్చింది. ఆమె ఊళ్లోని ఆరోగ్య కేంద్రంలో నర్సు. ఫోన్‌లో ఒక యాప్ వేసింది. వేలు గుచ్చి షుగర్ చూసే చిన్న మిషన్ ఇచ్చింది.

“పెద్దమ్మా, నువ్వు షుగర్ మాత్ర మింగే మనిషివి. ఒక్కపొద్దు ఉంటానంటే డాక్టర్ గారు సరేనన్నారు. కానీ రోజూ మధ్యాహ్నం వేలు గుచ్చి చూసుకోవాల. అంకె డెబ్బైకి దిగితే ఆ పూట ఒక్కపొద్దు విడిచేయాల. పాపా, అంకె నువ్వు ఫోన్‌లో కొట్టు. నాకు అక్కడ కనపడతాది.”

“ఒక్కపొద్దులో నెత్తురు తియ్యొచ్చా తల్లీ?” జేజి అడిగింది.

“మసీదులో హజరత్‌ని అడిగినా మా. తప్పులేదన్నాడు,” అన్నాడు నాన్న.

జేజి తల ఊపింది. కానీ మొదటి మధ్యాహ్నం సబీనా మిషన్ పట్టుకుని రాగానే చెయ్యి కొంగులో దాచుకుంది.

“గుచ్చబాక బిడ్డా. పోయినేడు ఆస్పత్రిలో పడి ఒక్కటన్నా ఉండలేకపోతిని. ఇప్పుడు ఆ మిషను విడిచేయమంటే నేనేం చేసేది? నాకు బాగానే ఉండాది.”

“సిస్టర్ అడుగుతుంది జేజీ.”

“ఏదో ఒక అంకె కొట్టుపో. అంకెకేం కరువు?”

ఏదో ఒక అంకె కొట్టడం అబద్ధం. ఆ మాత్రం సబీనాకు తెలుసు. అందుకని తన వేలే గుచ్చుకుంది. నొప్పి పుట్టింది. మిషన్ మీద అంకె వచ్చింది. నిజంగా వచ్చిన అంకె అబద్ధం ఎలా అవుతుంది? పైగా నొప్పి కూడా పుట్టింది కదా. జేజి ఆ వేలిని ముద్దు పెట్టుకుంది.

“నా బంగారమ్మే నువ్వు,” అంది.

ఆ తర్వాత రోజూ అదే పని. ఒకసారి సిస్టర్ ఫోన్ చేసింది.

“మీ జేజి షుగర్ భలే ఉండాది పాపా! మాత్ర తగ్గిద్దామా అనుకున్నాం. ఇంత బాగుంటే తగ్గించే పన్లేదని డాక్టర్ గారు అన్నారు.”

సబీనా నవ్వింది. ఫోన్ పెట్టేశాక కూడా ఆ నవ్వు ముఖం మీదే ఉండిపోయింది. దాన్ని ఎలా తీసేయాలో తెలియలేదు.

ఇప్పుడు సబీనా ఫోన్‌ను మళ్లీ గూట్లో పెట్టబోతుంటే, “హుసేనమ్మా, తలుపెయ్యి,” అంది జేజి ఉన్నట్టుండి. “సముద్రం ఇంట్లోకి వస్తాంది.”

సబీనా ఉలిక్కిపడింది. ఇంట్లో హుసేనమ్మ అనే మనిషి లేదు. సముద్రం ఎక్కడో చెరువుల అవతల ఉంది.

“జేజీ! నేను సబీనాని.”

జేజి ఆమె వైపు చూసింది. గుర్తుపట్టలేదు. ముఖమంతా చెమట. సూది జారి చాప మీద పడింది. జేజి మెల్లగా పక్కకు ఒరిగిపోయింది.

సబీనా అరిచిన అరుపుకు పక్కింటి పోలేరమ్మ ఎండుచేపల చేతులతోనే పరిగెత్తుకొచ్చింది.

“ఓయమ్మో! షుగర్ పడిపోయినట్టుండాది. మా ఆయనకీ ఇట్టే అయింది. చక్కెర యాడుండాదే?”

సబీనా డబ్బా తెచ్చింది. పోలేరమ్మ వేలితో చక్కెర అద్ది జేజి చిగుళ్లకు రుద్దింది. వీధిలో పోతున్న ఆటోను ఆపింది. దారి పొడుగునా సబీనా జేజి పాదాలు పట్టుకుని కూర్చుంది. అవి చల్లగా ఉన్నాయి.

ఆరోగ్య కేంద్రంలో జేజికి గ్లూకోజ్ ఎక్కించారు. చీకటి పడే వేళకు కళ్లు తెరిచింది. నాన్న వచ్చాడు. తల మీద ఇంకా పరుపుల దూది ఉంది. సిస్టర్ ఒక చేత్తో సబీనా వెంట తెచ్చిన పాత ఫోన్ పట్టుకుని చూస్తూ, ఇంకో ఫోన్‌లో డాక్టర్‌తో మాట్లాడుతోంది.

“లేదు సార్, ఇన్నాళ్లూ బాగుంది. ఈ మధ్యాహ్నం కూడా బాగుంది. అన్నీ ఆకుపచ్చే... ఏమో సార్, తెల్లారుజామున సరిగ్గా తినలేదేమో. ఈ ఒక్కరోజే కాబట్టి మాత్ర మార్చొద్దంటారా?”

“మిషన్ చెడిపోయింటాది సిస్టరమ్మా,” అన్నాడు నాన్న.

“కొత్తదన్నా అది.”

“కొత్తదైతే మాత్రం చెడిపోకూడదా? ఈ కాలం వస్తువులకి ఏం నమ్మకం?”

ఆ మాట సబీనాకు నీడలా చల్లగా అనిపించింది. మిషన్‌కు నోరు లేదు. ఎన్ని తిట్టినా పడుతుంది. రేపు నాన్న కొత్తది తెస్తాడు. ఎవరూ ఏమీ అడగరు.

జేజి మంచం మీద నుంచి తననే చూస్తోంది. తల కొంచెంగా అడ్డంగా ఊపింది. చెప్పబాక అన్నట్టు.

చెబితే జేజికి ఇక ఒక్కపొద్దు ఉండదు. జేజి తనతో మాట్లాడదు. బంగారమ్మ అనదు. చెప్పకపోతే ఆ మాత్ర మళ్లీ జేజి కడుపులోకి పోతుంది. తను అన్నం తిన్నాక వచ్చిన అంకె చూసి, అన్నం తినని జేజికి మాత్ర ఇస్తారు. ఈసారి పోలేరమ్మ ఇంట్లో ఉండకపోతే?

“సరే సార్, ఉంటాను,” అంటూ సిస్టర్ చెవి దగ్గర నుంచి ఫోన్ తీయబోయింది.

సబీనా ఆమె మోచెయ్యి పట్టుకుంది.

“పెట్టేయొద్దక్కా.”

జేజి గోడ వైపు తిరిగి పడుకుంది. నాన్న ఏదో అనబోయాడు. సబీనా ఎడమ చేతి పిడికిలి విప్పి, గుచ్చిన వేళ్లు కనబడేలా ట్యూబ్‌లైట్ వెలుగులోకి చాపింది.