మొగ దగ్గర రెండో పిలుపు

మొగ దగ్గర తెల్లగా నిలబడి ఉన్నది దెయ్యం కాదని మా ఊళ్ళో చంటిపిల్లాడికి కూడా తెలుసండి. అయినా పొద్దుగూకాక అటు వెళ్ళిన మగాడు లేడు.

అది కొండయ్య గారి విగ్రహం. ఏరు సముద్రంలో కలిసే మొగ పక్కన, సరుగుడు తోట చివర దిమ్మ కట్టి నిలబెట్టారు. ఈ తీరంలో సముద్రం లాక్కుపోయిన మనుషుల్ని మొట్టమొదట వెనక్కి లాక్కొచ్చింది ఆయనేనట. నడుముకి మోకు కట్టుకుని తుఫానులో దూకేవాడట. ఆయన మాటే దిమ్మ మీద చెక్కించారు — "పిలుపు వినపడితే ముందు వెళ్ళు. ఎవరని తర్వాత అడుగు."

ఆ మాట పక్కన నిలబడి ఫోటో దిగనివాడు మా ఊళ్ళో లేడు. పగలు.

విగ్రహం వచ్చి రెండేళ్ళయినా ముసుగు తీయలేదు. మంత్రిగారు వచ్చి తీయాలి. ఒకసారి ఎన్నికల కోడ్ అడ్డొచ్చింది. ఇంకోసారి మంత్రిగారే మారిపోయారు. ఉప్పుగాలికి గుడ్డ చిరిగిపోతే, మా సర్పంచ్ ఉదయ్‌కుమార్ గారు దాని మీదే కొత్తది చుట్టించి నైలాన్ తాడుతో పైనుంచి కిందిదాకా బిగించారు. "ముసుగు లేకపోతే మంత్రిగారు వచ్చి ఏం తీస్తారండీ?" అంటారాయన. నిజమే కదా.

చెయ్యెత్తి నిలబడ్డ మనిషి... మీద తెల్లగుడ్డ. గాలికి ఆ గుడ్డ లోపలికి పోతుంది... మళ్ళీ ఉబ్బుతుంది. ఊపిరి తీసుకుంటున్నట్టు.

దెయ్యాల విషయంలో మా ఊరికి కలెక్టరు పాపాయి మామ్మ. "రాత్రిపూట దెయ్యం రెండుసార్లే పిలుస్తుందర్రా. మూడోసారి పిలిస్తేనే మనిషి. అప్పుడే పలకాలి," అని ఆవిడ తీర్పు. దెయ్యాలే ఆవిణ్ణి చూసి తప్పుకుంటాయని కోడలు అంటుంది గానీ, అది వేరే గొడవ.

పోయిన కార్తీకంలో జరిగింది ఇది. ఆ పూట నేను భీమవరంలో మా అక్క ఇంట్లో ఉన్నాను. అందుకే ఇంత ధైర్యంగా చెబుతున్నాను.

సాయంత్రం నుంచీ సముద్రం పోటు మీద ఉంది. వెళ్ళొద్దని మా వీధి వీరదుర్గ మొత్తుకుంటున్నా, ఆమె మొగుడు బుల్లబ్బాయి వల కొట్టుకుపోతుందని పడవేసుకుని మొగ వైపు పోయాడు. చీకటి పడింది. రాలేదు.

బుల్లబ్బాయి సంగతి మీకు తెలియదు. దేన్నైనా ఒక్కసారే అడుగుతాడు. పలక్కపోతే అలుగుతాడు. అన్నం పెట్టమని రెండోసారి అడగలేక పస్తు పడుకున్న రాత్రులున్నాయట.

అన్నాల వేళకి కరెంటు పోయింది. గాలి హోరు. అప్పుడు... మొగ వైపు నుంచి —

"దుర్గా...!"

వీధి మొత్తం ముద్ద నోటి దగ్గర ఆపేసింది.

మా వీధిలో దుర్గలు ముగ్గురు. వెంకటదుర్గ పక్కకి చూసింది. మొగుడు చేపముల్లు తీసుకుంటున్నాడు. హమ్మయ్య. శ్రీదుర్గ చూసింది. మొగుడు అప్పటికే మంచం కింద ఉన్నాడు. హమ్మయ్య.

వీరదుర్గ చూసింది. పీట ఖాళీ.

కాసేపటికి మళ్ళీ — "దుర్గా..."

ఈసారి బొంగురుగా... ఇంకాస్త దగ్గరగా.

ఆ తర్వాత గాలి తప్ప ఏమీ లేదు.

"మూడోది రానివ్వండి," అన్నారు సర్పంచ్ గారు కిటికీ రెక్క చాటునుంచి. "వస్తే అందరం వెళ్దాం."

అందరూ చెవులు రిక్కించారు. మూడోది రాలేదు.

"చెప్పలా?" పక్కింటి అరుగు మీంచి పాపాయి మామ్మ గుసగుసలాడింది. "మనిషి కాదు. తలుపులేసుకోండి."

వీరదుర్గ గడప దాటింది. మామ్మ కొంగు పట్టుకుంది. "ఎక్కడికే? మూడోది రాలేదుగా!"

"మామ్మా... పెళ్ళయిన నాటి నుంచీ మా ఆయన నన్ను రెండోసారి పిలిచిన పాపాన పోలేదు. పిలిచాడంటే ప్రాణం మీదికొచ్చిందనే. ఇంక మూడోదెందుకు?"

కొంగు విదిలించుకుని పరిగెత్తింది. వెంట ఎవరూ వెళ్ళలేదు. ఆ రాత్రి మా ఊళ్ళో ఒక్క టార్చిలైటూ కనపడలేదట పాపం, ఎంత వెతికినా.

సెల్‌ఫోన్ వెలుగులో చూసింది. పడవ బోల్తా పడి ఉంది. బుల్లబ్బాయి పడవలు కట్టే గుంజని కావలించుకుని ఉన్నాడు. కాళ్ళకి వల చుట్టుకుంది. నీళ్ళు గడ్డం దాకా వచ్చాయి.

తాడు కావాలి... చుట్టూ చూసింది. వెనకాల — తెల్లగా, చెయ్యెత్తి...

"తప్పుగా అనుకోకు తాతా," అని పళ్ళతో ముడి లాగింది.

గుడ్డ ఒక్కసారిగా లేచి ఊరి మీదికి ఎగిరింది. వెళ్ళి వెళ్ళి సర్పంచ్ గారి డాబా కిటికీ మీదే వాలింది. ఆయన దాన్ని చూసి పెట్టిన కేక, అసలు పిలుపుల కంటే దూరం వినపడిందంటారు.

వీరదుర్గ తాడు ఒక కొస విగ్రహం కాలికి కట్టింది. రెండో కొస నడుముకి చుట్టుకుని నీళ్ళలోకి దిగింది. మొగుడి మొలలో ఉన్న చాకుతో వల కోసింది. మొగుణ్ణి జుట్టు పట్టుకుని ఒడ్డుకి ఈడ్చింది. ఈడుస్తూ తిట్టింది. ఆ తిట్లు దెయ్యాలకి రావు. అప్పుడు గానీ జనానికి నమ్మకం కుదరలేదు. దొరకని టార్చిలైట్లన్నీ ఒక్కసారే దొరికాయి.

"ముసుగు తీసేశావేంటమ్మా!" సర్పంచ్ గారు గుండె మీద చెయ్యేసుకున్నారు. "మంత్రిగారికి ఏం చెప్పను?"

వీరదుర్గ ఆయన వంక చూడలేదు. మొగుడి వీపు చరుస్తోంది. "రెండోసారి పిలిచావు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఈపాటికి..."

బుల్లబ్బాయి నీళ్ళు కక్కుకుని, ఆయాసపడుతూ తలెత్తాడు.

"రెండోసారా? ఒక్కసారే పిలిచానే. ఆ తర్వాత నోటినిండా నీళ్ళే..."

టార్చిలైట్లు ఒక్కొక్కటే పైకి లేచాయి.

కొండయ్య గారి మొహం మా ఊరు చూడటం అదే మొదలు. నోరు తెరిచి ఉంది. పిలుస్తున్నట్టు. శిల్పి అలా చెక్కాడండి, అంతే.

తెల్లారేసరికి సర్పంచ్ గారు మళ్ళీ ముసుగు వేయించారు. మంత్రిగారు ఇంకా రాలేదు.

ఇప్పుడు మా ఊళ్ళో ఏ రాత్రి ఎవరు పిలిచినా మొదటి పిలుపుకే తలుపులు తీస్తున్నాం. ధైర్యం అనుకునేరు. ఆలస్యం చేస్తే రెండో పిలుపు వస్తుందని భయం.