మనిషికో కాపీ

టెస్టింగ్ గదిలో బల్ల మీదంతా నీళ్లు. రోగులకు మందు ఎక్కించే పంపు, తక్కువ వేగంలో బుద్ధిగా ఆగింది. మధ్య వేగంలోనూ, ఎక్కువ వేగంలోనూ మాత్రం ఆగమంటే ఆగలేదు.

లెక్కల ప్రోగ్రాములు రాసే అమ్మాయికి ఒళ్లు మండిపోయింది. ఆఫీసంతా ఆమెను మిరపకాయ అని ఊరికే అనరు.

"తప్పు నా ప్రోగ్రాందేనని మేనేజర్‌తో చెప్పావట?"

పంపు బోర్డుల్లోకి కోడ్ ఎక్కించే కుర్రాడు నీళ్లు తుడుస్తూ నసిగాడు. "బోర్డుకెక్కే సీ కోడ్ నీ ప్రోగ్రాం నుంచేగా పుట్టింది..."

"పుట్టాక దాన్ని చేత్తో దిద్దిందెవరు?"

"ఒక్క లైనే! పంపు ఆగాల్సిన హద్దు తప్పుంటే సరిచేశా."

"ఇటు చూడు. వేగం ఫంక్షన్ని నేను మూడు వేగాలకు మూడు అంకెలిచ్చి వాడాను. నా ప్రోగ్రాంని సీ కోడ్‌గా మార్చే జనరేటర్ అంకెకో కాపీ తయారుచేసింది. నువ్వు దిద్దింది ఒక్కదాన్ని! హద్దు తప్పు నాదే, ఒప్పుకుంటా. నాకు చెబితే ఒక్కచోట మార్చేదాన్నిగా?"

"నీకు చెప్పాలంటే భయం."

ఆమె పళ్లు కొరుకుతూ హద్దు మార్చింది. అంకెకో కాపీ చేయొద్దని జనరేటర్‌కి ఒక లైను రాసింది. ఈసారి ఒకే ఫంక్షన్ వచ్చింది. పంపు మూడు వేగాల్లోనూ ఆగింది.

"హమ్మయ్య, సర్దుకుంది," అన్నాడతను నవ్వుతూ.

"ఏం సర్దుకుంది? నాతో పెళ్లంటావు. మీ అమ్మతో ఆఫీసు స్నేహితురాలంటావు. మేనేజర్ ముందు నేనెవరో తెలియనట్టు నటిస్తావు. మనిషికో కాపీ! ఇందులో అసలు నువ్వెవరు? ఇవాళ తేలకపోతే ఎవరి దారి వాళ్లదే."

ఏడుపొస్తున్నందుకు ఆమెకు ఇంకా కోపం వచ్చింది.

అతను గుడ్డ పక్కన పెట్టాడు. పక్క గదిలోంచి మేనేజర్‌ని పిలిచాడు. తల్లికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు.

"అమ్మా, నేను పెళ్లి చేసుకునే అమ్మాయి పక్కనే ఉంది. సర్, ఆ అమ్మాయి ఈవిడే. కోడ్ పాడుచేసింది నేను."

మేనేజర్ బల్ల కిందికి చూసి, "అక్కడా తుడువు," అని వెళ్లిపోయాడు.

"రోజూ నిన్ను తిడుతుందే, ఆ పిల్లేనా?" అంది తల్లి.

"అవునమ్మా."

"ఇప్పుడూ కోపంగానే ఉందా?"

"చాలా."

"పోనీలే! ఇన్నాళ్లూ నేనొక్కదాన్నే తిట్టలేక చచ్చానురా. ఫోన్ తనకివ్వు."

మిరపకాయ ఫోన్ లాక్కుంది. "నమస్తే అత్తయ్యా," అంది, అతని కాలు గట్టిగా తొక్కుతూ.